అయిదింటి డాన్స్

"ఆ పేరుతో ఎవరూ దిగలేదండీ," అంది రిసెప్షన్‌లో నోయెలియా, కంప్యూటర్ వైపు చూడకుండానే.

"చూడకుండా చెప్తే ఎట్లా అమ్మాయ్? ఒరోసియా. హాకా ఊరు. ఇవాళేమైనా దిగిందేమో చూడు."

నోయెలియా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "దిగినవాళ్ళ పేర్లు బయటివాళ్ళకి చెప్పకూడదు. మీ మొహం చూసి మూడు రోజుల్నించీ చెప్తున్నాను. లేరండీ."

బయటివాళ్ళు అన్న మాట ఫ్రోయిలాన్‌కి చురుక్కుమంది. కిందటి ఫిబ్రవరిలో ఇదే హోటల్లో పది రోజులున్నాడు. ఈసారి పింఛనుదారుల యాత్రలో తమ లియోన్ ఊరివాళ్ళందరినీ ఈ బెనిదోర్మ్ ఊరికి ఆ కొసన, పొనియెంతే తీరంలో దింపారు. అందుకే రోజూ నాలుగింటికి బయల్దేరి, సముద్రం పక్కన ముప్పావుగంట నడిచి, అయిదింటి డాన్స్ వేళకి ఇక్కడికి చేరుతున్నాడు.

హాల్లో అకార్డియన్ మొదలైంది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రెండు గ్లాసుల వెర్మూత్ చెప్పాడు. ఒకటి తాగాడు. రెండోదాన్లో మంచుముక్కలు కరిగిపోయాయి. ఎర్ర శాలువా కప్పుకున్న ఒకావిడ వచ్చి చెయ్యి చాపింది.

"ఒక్క పాట, రారాదూ?"

"మన్నించండి. మాటిచ్చి ఉన్నాను."

ఆవిడ ఖాళీ కుర్చీ వైపూ, నిండు గ్లాసు వైపూ చూసి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, గదిలో తోడున్న సెవెరీనో మంచం మీంచి నవ్వాడు. "పెళ్ళికొడుకు ముస్తాబవుతున్నాడు. ఇంతకీ పెళ్ళికూతురి ఫోన్ నంబరుందా?"

"వద్దంది. ఫోన్లు మొదలైతే బీపీ, షుగర్ కబుర్లే మిగుల్తాయట. బతికుంటే మళ్ళీ ఫిబ్రవరిలో అయిదింటి డాన్స్‌కి వద్దాం అంది."

సెవెరీనో నవ్వు ఆపేశాడు. "ఒరేయ్, మన వయసులో జాబితాలో పేరు లేకపోతే ఎందుకు లేదని అడక్కూడదు. రా, పేకాడుకుందాం," అన్నాడు.

ఫ్రోయిలాన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. లియోన్‌లో మోకాటి లోతు మంచుందని పొద్దున్నే కూతురు ఫోన్లో చెప్పింది. ఇక్కడేమో ఎండ వీపు నిమురుతోంది. సముద్రం పలకలాగా నిశ్చలంగా ఉంది. జంటలు చేతులు పట్టుకుని మెల్లగా నడుస్తున్నాయి. కిందటేడు ఇదే దారిలో ఒరోసియా వేగాన్ని తను అందుకోలేకపోయాడు. "మీరు లియోన్ నించి ఎద్దుబండి మీద వచ్చారా?" అని ఏడిపించింది. ఇప్పుడు ఎంత మెల్లగా నడిచినా ఏడిపించేవాళ్ళు లేరు.

అయిదో రోజు, ఆరో రోజు, ఏడో రోజు, ఎనిమిదో రోజు. తొమ్మిదో రోజు నోయెలియా అతన్ని చూడగానే తల అడ్డంగా ఊపింది. అతను అడగలేదు కూడా. వెర్మూత్ ఒకటే చెప్పాడు. డాన్స్ అయ్యేదాకా కూర్చుని, కుర్చీలు సర్దుతుంటే లేచాడు.

"ఈసారి వస్తే," అన్నాడు నోయెలియాతో, "ఒకాయన వచ్చి పోయాడని చెప్పమ్మా. రోజూ వచ్చాడని చెప్పు."

"చెప్తానండీ," అంది ఆ పిల్ల కళ్ళు దించుకుని.

మర్నాడు పొద్దున పొనియెంతే హోటల్ గుమ్మంలో బస్సు సిద్ధంగా ఉంది. సెవెరీనో పెట్టె ఈడ్చుకుంటూ ముందెళ్ళాడు. ఫ్రోయిలాన్ గది తాళం ఇచ్చి వెనక్కి తిరిగేసరికి లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. హోటల్ పనమ్మాయి చక్రాల కుర్చీ తోసుకొస్తోంది. అందులో కాలికి పిండికట్టుతో ఒరోసియా.

ఒరోసియా చెయ్యెత్తి కుర్చీ ఆపించింది.

"మీరేంటి ఇక్కడ?" అంది ఆమె.

"ఇక్కడే దింపారు. పది రోజులైంది. మీరు?"

"నేనూ ఇక్కడే. నాలుగో అంతస్తు. వచ్చిన పూటే స్నానాల గదిలో జారిపడ్డాను. తిండీ నిద్రా అన్నీ గదిలోనే. కిందటేటి హోటల్‌కి ఫోన్ చేయిస్తే, దిగినవాళ్ళ వివరాలు చెప్పం అన్నారు."

బయట బస్సు హారన్ మోగింది. ఫ్రోయిలాన్ కదల్లేదు.

"పొద్దుపోక బాల్కనీలో కూర్చునేదాన్ని," అంది ఒరోసియా. "రోజూ నాలుగింటికి టోపీ పెట్టుకున్న ఒకాయన కిందనించి పోయేవాడు. నడక అచ్చం మీదే. పిలుద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మీరైతే అక్కడ హాల్లో నాకోసం కూర్చుని ఉంటారు కదా, ఇటెందుకొస్తార్లే అని ఊరుకున్నాను."