ఇచ్చినవాళ్ళని అడగాలి

“అమ్మమ్మగారూ, ఇది గుండె ఆపరేషన్‌కని పోగైన డబ్బు. వెన్ను ఆపరేషన్‌కి వాడాలంటే ఇచ్చినవాళ్ళు ఒప్పుకోవాలి. కాదన్నవాళ్ళది వాళ్ళకి వెనక్కి వెళ్ళిపోతుంది. అది మా రూలు,” అంది చందాల అమ్మాయి, వంచిన తల ఎత్తకుండానే.

వైద్యానికి లేనివాళ్ళ ఫొటో ఇంటర్నెట్‌లో పెట్టి నలుగురి దగ్గరా చందాలు పోగుచేసే ఆఫీసులో ఆ అమ్మాయికి ఉద్యోగం. పిల్లల వార్డులో అందరూ ఆమెని చందాల అమ్మాయనే పిలుస్తారు.

బొంతలమ్మ బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పాతబట్టలతో బొంతలు కుట్టి బతికే మనిషి. గుండె ఆపరేషన్ మాట ఇక లేదు. ఇప్పుడు చేయాల్సింది పాప వెన్నులో గడ్డకి. ఇంకా ఆలస్యమైతే ఆ కాళ్ళు మళ్ళీ నేల మీద ఆనవని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

“రూలు మంచిదే. ఫోను కలుపు, నేనే అడుగుతా.”

“మీరెందుకండీ? మేం మెసేజ్‌లు పెడతాం.”

“మెసేజ్ చూసి ఎవడు కరుగుతాడే తల్లీ? కలుపు.”

పాప తల్లి నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. “ముందు ఒక్క ముద్ద తినమ్మా. అసలు నీకు నోరెలా పెగులుతోంది?”

“నా నోరా? మా ఆయన బతికున్నన్నాళ్ళూ దీన్ని మూయించలేక ఓడిపోయాడు. ఇప్పుడెవరి తరం?”

మొదట దొరికింది ఒక పంతులమ్మ. బొంతలమ్మ ఏదీ దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. “వాడుకోండమ్మా,” అని గబుక్కున పెట్టేసిందావిడ. తర్వాత ఒక మంగలి, ఒక బస్సు కండక్టరు, ఎవరో కాలేజీ పిల్లలు. అందరూ ముందు అయ్యో అన్నారు, ఆనక సరేనన్నారు.

బేకరీ ఆయన మాత్రం అడ్డం తిరిగాడు. అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆయనే. అది వెనక్కి పోతే ఆపరేషన్ లేనట్టే.

“మా చెల్లెలు చిన్నతనంలోనే గుండెజబ్బుతో పోయిందండీ. దాని పేరు మీద ఇచ్చాను. ఇంకోదానికంటే నా మనసొప్పదు.”

“నీ మాట న్యాయమే బాబూ. ఒక్కటి చెప్పు. మీ చెల్లెలి గౌన్లు ఏం చేశారు?”

“ఇప్పుడవెందుకు?”

“ముసలిదాన్ని, అడుగుతున్నా. చెప్పు.”

“పక్కింటి పిల్లకిచ్చేసింది మా అమ్మ.”

“ఆ పిల్ల వాటిని వేసుకుని వీధిలో గెంతుతుంటే నీకు కోపమొచ్చిందా?”

ఫోను తెగిపోయిందేమోనని చందాల అమ్మాయి వంగి చూసింది. తెగలేదు.

“కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయేవాణ్ణి,” అన్నాడాయన. “వాడుకోండి. మీరు… మీరెలా ఉన్నారు?”

“నాకేం బాబూ! చేతినిండా పనుంది,” అని ఫోను తిరిగి ఇచ్చేసింది. “తర్వాతెవరే? కలుపు.”

మర్నాడు పొద్దున్నే స్ట్రెచర్ కదిలింది. ఓ పక్క తల్లి, ఇంకో పక్క బొంతలమ్మ. పాప బొంతలమ్మ వేలు వదలదు.

“అమ్మమ్మా, లేచాక నిజంగా నడుస్తానా?”

“నడవడమా! నిన్ను పట్టుకోలేక నేను ఆయాసపడాలి.”

“నువ్విక్కడే ఉంటావు కదూ?”

“ఇంకెక్కడికి పోతానే పిచ్చిమొద్దూ!”

నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. “ఇక్కడితో ఆగండి మామ్మా.” వేలు జారింది. తలుపు మూసుకుంది. పాప తల్లి గోడకి ఆనుకుని వెక్కసాగింది. బొంతలమ్మ కొంగు బిగించి దోపుకుని, ఆమెని దగ్గరికి లాక్కుని, తలుపుకి ఎదురుగా నేల మీదే చతికిలబడింది.

వార్డులో పాప పక్క మంచం మీద ఆమె సొంత మనవరాలి గుండె ఆగిపోయి ఇంకా వారం కాలేదు.