ఏది భర్తీ?

మా పెళ్ళికి ముందే పోయిన అత్తమ్మ గొంతు ఒక్క క్యాసెట్టులోనే మిగిలింది, ఒక కీర్తనగా. అది పాడైపోయేలోగా ఇంకో క్యాసెట్టులోకి ఎక్కించమని మా ఆయన నన్ను ఇక్కడి బెంగాలీల బజారు ఝపటాపూర్ పంపారు.

దుకాణం నడిపే బెంగాలీ దాదా చవక క్యాసెట్లు చూపించాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్ళు నిలిచింది కదా, పాతదాని లాంటిదే ఇమ్మన్నాను.

రేపరు విప్పాక రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. మిషను దగ్గర ఆగి అడిగాడు.

"బౌదీ, కోన్‌టా భర్తీ?"

ఏది భర్తీ అంటున్నాడు. ఖాళీగా ఉన్నదాన్నే కదా భర్తీ చేస్తారు. తలెత్తకుండా కొత్తదాన్ని చూపించాను.

సాయంత్రం ఇంట్లో కొత్తది పలకలేదు. పాతదీ పలకలేదు.

"దాదా నిన్నేటి అడిగినాడు?"

"ఏది భర్తీ అన్నాడండి. కొత్తది సూపించినాను."

ఆయన మంచం మీద కూర్చుండిపోయారు. "బెంగాలీలో భర్తీ అంటే నిండినదే. ఖాళీదాన్ని పాతదాని మీదకి ఎక్కించేసినాడు" అన్నారు.

నన్ను తిట్టినా బాగుండేది. పాత క్యాసెట్టును మళ్ళీ మొదటికి తిప్పి పెట్టారు.

"ఉండు. పాడే ముందు అమ్మ కొంచెం దగ్గుతాది."