ఒక మనిషి, ఒక సంతకం

“బాలింతలను చూసే నర్సు ఏ రోజు వస్తుందమ్మా?”

అడిగినాయనకు డెబ్బై దాటి ఉంటాయి.

పురపాలక కార్యాలయంలో, మెట్ల పక్కనున్న సమాచార కౌంటర్ వెనుక కూర్చున్నామె తలెత్తి చూసింది.

“ఎవరికండీ?”

“తెలుసుకుని ఉంటే మంచిదని.”

పక్క బల్ల దగ్గర పన్నుల గుమాస్తా నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

“గురువారం. పదింటి నుంచి ఒంటిగంట దాకా. రాలేనివాళ్ళు కబురు చేస్తే ఇంటికే వస్తుంది,” అందామె.

ఆయన జేబులోంచి చీటీ తీసి, అక్షరాలు దిద్దుతున్నట్టు నెమ్మదిగా రాసుకున్నాడు. చివరి మాట కింద గీత గీశాడు.

ఊరికి కావలసిన సమాచారమంతా ఇంకా ఒక గదిలో పట్టే రోజులవి.

కుళాయి రాని వేళలు, టీకాల తేదీలు, అరువిచ్చే చంకకర్రలు, పెద్దవాళ్ళకు చదువు చెప్పే సాయంత్రపు బడి, అన్నీ నెలకోసారి నాలుగు పేజీల పత్రికలో అచ్చయ్యేవి. కొత్త కట్ట విప్పిన రోజున గదంతా పచ్చి సిరా వాసన వేసేది.

పత్రికలో లేనిది ఆమె నోట ఉండేది. అందుకే ఊరు ఆమెను సమాచారమ్మ అని పిలిచేది.

ముసలాయన ప్రతి మంగళవారమూ వచ్చేవాడు. ఒకసారి చెవి మిషను ఎక్కడ బాగుచేస్తారని, ఒకసారి చక్రాల కుర్చీ ఎన్నాళ్ళకిస్తారని, ఒకసారి మంచం పట్టినవాళ్ళకు మందులు ఇంటికి పంపుతారా అని.

“ఊళ్ళో కష్టాలన్నీ ఈయన అడ్రసు కనుక్కుని మరీ వస్తున్నాయా?” అన్నాడు పన్నుల గుమాస్తా. “మొన్న చెవుడు, నిన్న పురుడు. రేపు పెళ్ళి సంబంధాలు అడుగుతాడు చూడు.”

“ఊరుకోండి అన్నయ్యా, వినపడుతుంది,” అంది కానీ ఆమె కూడా నవ్వింది.

ఒకరోజు ఉండబట్టలేక ఆయన్నే అడిగింది.

“తాతగారూ, ఈ కష్టాలన్నీ మీవేనా?”

“కష్టానికి సొంతదారెవరమ్మా. ఎవరి చెవిన పడితే వాళ్ళది.”

అది వేదాంతం అనుకుంది ఆమె. ఒంటరివాడు, పలకరించే మనిషి కోసం వస్తున్నాడనుకుని జాలిపడింది. జాలి కలిగాక మనం ఎదుటి మనిషిని ఇక ఏమీ అడగం.

ఆ వర్షాకాలంలోనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

మూడు నెలల్లో కనీసం రెండువందల మంది రాకపోతే కౌంటర్ ఎత్తివేస్తారు. ఆమె పాత దస్త్రాల గదికి వెళ్ళాలి. ఊరివాళ్ళు ఎవరికి కావలసింది వాళ్ళు కంప్యూటర్‌లో వెతుక్కోవాలి.

వచ్చినవాళ్ళను లెక్కపెట్టే రిజిస్టరుకు ఒక నియమం ఉండేది. ఎన్నిసార్లు వచ్చినా, ఎన్ని అడిగినా, మనిషి మూడు నెలలకు ఒక్కసారే సంతకం పెట్టాలి.

గడువు దగ్గరపడేసరికి సంతకాలు నూట అరవై ఒకటి.

“ఇంకా ముప్ఫైతొమ్మిదేగా,” అన్నాడు పన్నుల గుమాస్తా. “ఆ ముసలాయన చేత ప్రశ్నకో సంతకం పెట్టించు చెల్లెమ్మా. ఒడ్డున పడతావు.”

“ఒక మనిషి ఒక మనిషేగా అన్నయ్యా. దొంగ లెక్క నావల్ల కాదు.”

ఆమె నిజాయితీని వేలెత్తి చూపగలవాళ్ళు ఆ కార్యాలయంలో లేరు.

ఆ మంగళవారం ముసలాయన గోడమీది ఉత్తర్వును రెండుసార్లు చదివాడు.

“మూసేస్తారామ్మా?”

“జనం రావడం లేదు కదా తాతగారూ.”

“రాలేనివాళ్ళు కూడా ఉంటారు.”

“రానివాళ్ళను నేనెలా లెక్కపెట్టను?”

ఆయన ఏదో చెప్పబోయాడు. వెనకాల ఎవరో తొందరపడుతుంటే పక్కకు తప్పుకుని, “అదీ నిజమే,” అని వెళ్ళిపోయాడు.

తరువాతి మంగళవారం రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు.

కౌంటర్ ఆఖరి రోజున ఆమె మిగిలిన పత్రికలను కట్ట కడుతుండగా, చంటిబిడ్డను భుజాన వేసుకుని ఒక అమ్మాయి వచ్చి నిలబడింది.

“సమాచారమ్మ అంటే మీరేనా అక్కా?”

“ఈ సాయంత్రం దాకా నేనే. చెప్పమ్మా.”

“నా అన్నవాళ్ళు లేనివాళ్ళు పోతే, సాగనంపడానికి మునిసిపాలిటీ బండి ఇస్తుందట కదా?”

“ఇస్తుంది. దరఖాస్తు రాయాలి. ఎవరు పోయారు?”

“మీకు తెలిసినాయనే. మంగళవారం మంగళవారం వచ్చేవారు. పది రోజులు జ్వరంతో ఉండి, ఇవాళ పొద్దున పోయారు.”

ఆమె పత్రికల కట్టను పక్కన పెట్టింది.

“నర్సు సంగతి నాకోసమే అడిగి వచ్చారక్కా. అప్పుడు నాకు ఆపరేషనయి మెట్లు దిగేట్టు లేను. చెవి మిషను మా బిల్డింగు మూడో అంతస్తు పెద్దాయనకి. చక్రాల కుర్చీ మా ఎదురింటి పిల్లకి. తనకని ఏదీ అడిగి ఉండరు.”

“ఎంతమంది ఉంటారు మీ బిల్డింగులో?”

“నలభై గడపలక్కా. అందరి పనులూ ఆయనకే చెప్పుకునేవాళ్ళం.”

ఆమె దరఖాస్తు తీసింది. పేరు రాసింది. వయసు రాసింది. మూడో గడి దగ్గర పెన్ను నిలిచింది.

“ఆయన మీకేమవుతారు? ఇక్కడ చుట్టరికం రాయాలి.”

ఆ అమ్మాయి బిడ్డను రెండో భుజానికి మార్చుకుంది.

“ఏమీ కారక్కా. మా బిల్డింగులో లిఫ్ట్ నడిపేవారు. అది పాడై, ఆ ఉద్యోగం పోయి ఆరేళ్ళయింది. అయినా కిందికి దిగలేనివాళ్ళకు ఏం కావాలో కనుక్కోవడానికి, మొన్న జ్వరం వచ్చేదాకా, రోజూ తొమ్మిదంతస్తులూ ఎక్కి వచ్చేవారు.”