డొల్ల చప్పుడు

మొదలుపెట్టిన నాడు వామనరావు చేతిలో ఉన్నవి మూడే: గోదావరిఖనిలో మేడ మీద ఒక అద్దె గది, ఒక ఫోను, వాట్సాప్ గ్రూపులో అరవై నాలుగు మంది.

అందరూ గని సర్దార్ పరీక్షకు చదివేవాళ్లే. కూలీలకంటే ముందు లోపలికి వెళ్లి, పైకప్పు గట్టిదో కాదో చూసి చెప్పేవాడు సర్దార్.

వామనరావు మాత్రం ఎన్నడూ గని దిగలేదు. పాఠమూ సరుకే అని అతని లెక్క. ఉప్పు అమ్మేవాడు సముద్రం చూడాలా?

రోజూ రెండింటికి, రెండో షిఫ్టు సైరన్ మోగగానే, గ్రూపులో క్విజ్ లింకు పెట్టేవాడు. ఇరవై సెకన్లలో జవాబు నొక్కాలి. ఎవరు ముందున్నారో వెంటనే తెర మీద కనిపిస్తుంది.

ఒకనాటి ప్రశ్న: పైకప్పు కూలబోతోందని ఎలా తెలుస్తుంది?

జవాబు: కర్రతో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది.

అరవై మంది సరిగ్గా నొక్కారు.

గనిలో కొత్తగా ట్రైనింగుకు చేరిన సోహైల్ ఒక్కడే అడిగాడు. "డొల్ల చప్పుడంటే ఎట్లుంటది సార్?"

"డొల్లగ ఉంటది," అని టైపు చేశాడు వామనరావు.

కాసేపటికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గ్రూపు లింకు పట్టుకుని ఆ వారమే లోపలికి వచ్చిన కొత్త నంబరు. పేరుండాల్సిన చోట 417 అని అంకె.

మాట లేదు. టక్. టక్. టక్.

వెనకాల రంపం కోస్తున్నట్టు ఊపిరి.

మర్నాడు రెండింటికి మళ్లీ వచ్చింది. మూడో నాడు చప్పుడు మారింది. పగిలిన కుండను తట్టినట్టుంది.

"ఎవరు నువ్వు? పరాచికాలా?" అని రాశాడు వామనరావు.



గ్రూపులోని ప్రవల్లిక రాసింది: "సార్, కూలి మూసేసిన బొగ్గు బాయిల చిక్కినోళ్లు గిట్లనే కొడ్తుండిరట. మా తాత చెప్పేటోడు."

"మీ తాత కల్లు తాగి చెప్పిండా?" అన్నాడొకడు.

అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. సాయంత్రానికి ఐదుగురు గ్రూపు వదిలిపోయారు.

వామనరావు ఆ నంబరుకు ఫోన్ చేశాడు. అవతల ఎత్తారు.

"ఎవరు?"

ఊపిరి. టక్.

"మనిషివేనా?"

 ఈసారి, టక్ టక్.

వామనరావు ఫోను పెట్టేశాడు. పట్టపగలు గది తలుపు తెరిచి కూర్చున్నాడు.

ఇరవై రెండో నాటి చప్పుడు వేరు. రాయి కాదు, కుండ కాదు. లోపల ఏమీ మిగలనిదాన్ని ఎవరో మెల్లగా తట్టినట్టుంది. అది విన్న గంటలోనే ఇంకో పదిహేను మంది వెళ్లిపోయారు.

ఒక్క నంబరు కోసం మిగతా వాళ్లను పోగొట్టుకోవడం ఏ లెక్కకూ రాదు. వామనరావు 417ను తీసేశాడు.

గ్రూపు నిమ్మళించింది. నెల తిరిగేసరికి నూట పన్నెండు మంది అయ్యారు. మంచి పని చేశాననుకున్నాడు.

ఒక మధ్యాహ్నం సోహైల్ డ్యూటీ బట్టలతోనే మెట్లెక్కి వచ్చాడు. ముఖమంతా బొగ్గు.

"సార్, గా 417 ఏడి?"

"తీసేసిన గద. ఏంది గిట్ల వచ్చినవ్?"

"పొద్దటి షిఫ్టుల పైకప్పు బండ తట్టి చూసిన సార్. గదే చప్పుడు."

"ఏ చప్పుడు?"

"గాయన ఆఖరుకు పెట్టింది. భయంతోటి పదిసార్లు విన్న, చెవులల్ల ఇంకిపోయింది. బండ మంచిగనే ఉన్నదన్నరు అందరు. వాళ్ల మాట నేను వినలే. ముగ్గురిని రెక్క పట్టి గుంజుకొచ్చిన. మర్లి చూస్తే మేం నిలబడ్డ జాగల బండ పడి ఉన్నది."

వామనరావు ఫోను తెరిచి 417 కోసం వెతికాడు.

"ఆ నంబరుకు ఫోన్ చేసిన. ఒక అవ్వ ఎత్తింది. రామకృష్ణాపూర్‌ల క్వార్టరట. పోదాం పాండ్రి సార్."

తలుపు తీసిన ముసలామె పేరు సమ్మవ్వ. గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. గని టోపీ, టోపీకి బత్తి. ఫోటో కింద ఒక్కటే వరుస: ఎల్లన్న, బత్తి నంబరు 417.

"మా ఆయన," అంది సమ్మవ్వ. "బండ కింద కర్రలు నిలబెట్టే పని. పోయి పద్నాలుగు దినాలాయె."

"ఫోన్ల మాట్లాడకపోతుండె ఎందుకవ్వా?" అన్నాడు సోహైల్.

"గొంతుల గడ్డ లేస్తే దవాఖానల కోసి తీసిండ్రు బిడ్డా. మాట పోయింది. రాసుడు రాదాయె. డొల్ల చప్పుడు ఎట్లుంటదన్న నీ ప్రశ్న పక్కింటోళ్లు చదివి చెప్పిండ్రు. గప్పటి సంది ఇల్లంత తట్టుడే. మంచి బండ చప్పుడు గీ గడప మీద దొరికింది. పగిలిన బండది కుండ మీద. పడే బండది మాత్రం దేని మీద దొరకలే. ఇరువై దినాలు ఎతికిండు."

వామనరావు గడపను చూస్తూ నిలబడ్డాడు.

"మీరు తీసేసినంక గూడ, సైరన్ మోగంగనే ఫోను పట్టుకొని కూసుండేటోడు సారూ. ఏమైందంటే చెప్పలేడాయె."

"పడే బండ చప్పుడు ఆఖరుకు దేని మీద దొరికిందమ్మా?" అన్నాడు వామనరావు.

సమ్మవ్వ వేళ్లు ముడిచి తన రొమ్ము మీద మూడుసార్లు తట్టింది.

"నాది గట్ల మోగదు," అంది. "బొగ్గు దుమ్ము తిన్నది ఆయన రొమ్మునే."

తిరుగు బస్సులో వామనరావు లెక్క చూసుకున్నాడు. గ్రూపులో నూట పన్నెండు మంది. ఆ పొద్దు ఇల్లు చేరిన ప్రాణాలు నాలుగు. సారు మాత్రం ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడినీ తానే తీసేశాడు.