ఆగ్నేయ మూల బల్ల

చేయవలసిన పనులు తొమ్మిది. కారే కుళాయి బాగుచేయించాలి. మంచానికి ఎదురుగా ఉన్న అద్దం తీసేయాలి. బాత్రూము తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. గుమ్మంలో చెప్పులు కుప్పగా పడి ఉండకూడదు. నోట్లో నాణెం ఉన్న మూడుకాళ్ళ కప్ప బొమ్మ కొని, దాని ముఖం ఇంట్లోకి తిప్పి పెట్టాలి. ఇలా ఇంకో మూడు. తొమ్మిదోది: ఇంట్లో ఆగిపోయిన గడియారం ఒక్కటి కూడా ఉండకూడదు.

ఆ కాగితం చదివి తమ్ముడి భార్య నాలిక కరుచుకుంది.

ఆ ఇంట్లో ఆగిపోయిన గడియారాలు ముప్పై ఒకటి. అన్నీ ఊళ్ళోవాళ్ళవి. అక్క గడియారాలు బాగుచేస్తుంది. ముందుగదిలో ఆగ్నేయ మూల, కిటికీ కింద ఆమె బల్ల. పొద్దుటి వెలుగు తిన్నగా అక్కడే పడుతుంది. ఆ వెలుగు లేకపోతే చేతి గడియారంలోని వెంట్రుకంత స్ప్రింగు ఆమె కంటికి ఆనదు. ఆ బల్ల మీది సంపాదనతోనే తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించింది. ఆ వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాడు అతనే. వీధి వీధంతా ఆమెను గడియారాలక్క అంటుంది.

మూడేళ్ళుగా తమ్ముడికి ప్రమోషన్ అందినట్టే అంది జారిపోతోంది. చూసి చూసి, అతని భార్య చైనా పద్ధతిలో ఇంటి వాస్తు చూసే ఫెంగ్ షూయి ఆవిడను పిలిపించింది. ఆవిడ దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగింది. కాగితం రాసిచ్చి, టీ తాగి వెళ్ళింది.

“గడియారాల సంగతి నేను ఎత్తలేదు వదినా. ఆవిడే రాసింది.” మరదలు తల ఎత్తలేదు.

“దానికెందుకే అంత ఇదైపోతావు? ఆగినవి ఉండకూడదంది. అంతేగా? ఉండవు.”

అక్క పంతం పట్టింది. నాలుగు రోజులు కంటికి బిగించిన భూతద్దం తీయలేదు. సెల్లు అయిపోయినవాటికి కొత్త సెల్లు వేసింది. తుప్పు పట్టినవాటిని విప్పి నూనె పట్టించింది. లోపలి చక్రాలు బజారులో దొరకని రెండింటికి తన సొంత గోడ గడియారం విప్పి అందులోవి పెట్టింది. ఖాళీ డొల్లను పాతసామాన్లవాడికి ఇచ్చేసింది.

అయిదో రోజుకు ముప్పై ఒకటీ నడిచాయి. ఏ రెండింటికీ పొత్తు కుదరలేదు. ఆ ఇంట్లో పదకొండు గంటలు కొట్టడానికి పావుగంట పట్టింది.

పక్కింటావిడ తొంగిచూసింది. “గడియారాలక్కా, ఇది ఇల్లా, రైల్వే స్టేషనా?”

“స్టేషనే. మావాడి ప్రమోషన్ ఏ బండికి దిగుతుందోనని కాచుకుని కూర్చున్నాం.”

అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం సంచీ తగిలించుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

మూడు రోజుల తర్వాత ఒక కవరు వచ్చింది. లోపల రెండో కాగితం. అడుగున ఫెంగ్ షూయి ఆవిడ పేరే. పని ఒక్కటే: ‘ఆగ్నేయం సంపద స్థానం. అక్కడ విప్పిన యంత్రాలు, ఇనుప పనిముట్లు ఉంటే ఇంటి యజమానికి ఎదుగుదల ఉండదు. ఆ పని ఇంటి బయట చేసుకోవాలి.’

తమ్ముడే పైకి చదివాడు. సగంలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

“ఇదెక్కడి గోల!” అతని భార్య కాగితం లాక్కుంది. “వదిన బల్ల జోలికి ఎవరూ పోవద్దు. నాకే ప్రమోషనూ అక్కర్లేదు. బుద్ధి తక్కువై పిలిపించాను. ఉండండి, ఆవిడకే ఫోన్ చేసి అడుగుతాను.”

“ఎందుకులే. మళ్ళీ వచ్చి ఇంకో తొమ్మిది రాస్తుంది,” అన్నాడు తమ్ముడు, నేల చూపులు చూస్తూ.

అక్క కంటి మీది భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది.

“ఒరేయ్, ఈ మూడేళ్ళూ నీకు అడ్డం నేనేనా?”

అతను చేతిలోని ఖాళీ కవరును మడతలు పెట్టసాగాడు.

“ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సిందిరా. నాకేం తెలుసు? వెలుతురు బాగుందని కూర్చున్నాను. నీకు అన్నం పెడుతున్నాననుకున్నానే గాని, నీ అదృష్టం మీదే పీట వేసుకు కూర్చున్నానని అనుకోలేదు.”

దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా ఆమె ముఖం చిన్నబోయింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచింది గాని తినలేదు.

మర్నాడు బల్ల ఇల్లు దాటింది. బజారు చివర రెండంతస్తుల కొట్ల మధ్య, మెట్ల కింద కాస్త జాగా దొరికింది. ముప్పై ఒక్క గడియారాలూ రెండు సంచుల్లో టిక్కుటిక్కుమంటూ వెంట వచ్చాయి. బల్ల ఒక కొస అక్క పట్టుకుంది, రెండో కొస తమ్ముడు పట్టుకున్నాడు.

“మెల్లగారా,” అంది అక్క గుమ్మం దిగుతూ. “నీ నడుము జాగ్రత్త.”

మెట్ల కింద ఎండ పడదు. ఒక బల్బు ఉంది. నెల తిరిగేసరికి అక్క చేతి గడియారాలు తీసుకోవడం మానేసింది. గోడ గడియారాలైతే చేయగలనంటుంది.

ఆ నెలలోనే ప్రమోషన్ వచ్చింది.

అక్క బజారంతా తిరిగి చెప్పింది. పక్కింటావిడ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. “చూశావా? నేను అలా లేచాను, వాడికి ఇలా వచ్చింది. ఇన్నాళ్ళూ వాడి నోటి దగ్గరి ముద్ద లాగేశాను. నా మొహం వాడికెలా చూపించను?”

ఆ రెండో కాగితం ఫెంగ్ షూయి ఆవిడ రాసింది కాదు, ప్రమోషన్ ఖాయమైందని తెలిసిన రోజునే, భోజనానికి వస్తామన్న మా ఆఫీసువాళ్ళ కంట మా అక్క బల్ల పడకూడదని నేనే టైపు చేశాను, ఆమె మొహం చూసే ధైర్యం నాకు లేదు గనుక మీరైనా ఆమెను గుర్తుపెట్టుకోండి.