రెండు బడుల గేట్లు

పేటలో ఉన్నవి రెండే ప్రభుత్వ బడులు. కండక్టరమ్మ డ్యూటీ మార్పించుకుని, బడి వదిలే వేళకి మొదటిదాని గేటు దగ్గరికి వెళ్ళింది.

"రెండో తరగతి పాపని తీసుకెళ్ళడానికొచ్చాను," అని అబద్ధమాడింది.

ప్యూను తలెత్తి చూడలేదు. "పిల్లలు లోపలున్నారు, తీసుకెళ్ళండమ్మా."

గదుల్లో వెలుతురు బాగుంది, గోడల నిండా రంగుల బొమ్మలు. పంతులమ్మ నవ్వుతూ పలకరించింది. ఏ పాప, మీరెవరు అని ఒక్కరూ అడగలేదు. ఎవరి పిల్లనైనా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవచ్చు. కండక్టరమ్మ వెంటనే బయటికి వచ్చేసింది.

మర్నాడు రెండో బడికి వెళ్ళింది. పెచ్చులూడిన గోడలు, ఇరుకు గదులు. అదే అబద్ధం చెప్పింది. ఆయమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది.

"పాప పేరేంటి? రిజిస్టర్లో మీ పేరుందా?"

"కన్నతల్లినమ్మా!"

"అయితే ఏంటి? పేరు లేకపోతే పంపేది లేదు. నడవండి, నడవండి."

చుట్టూ ఉన్న తల్లులు ఆమెను దొంగను చూసినట్టు చూశారు. తల వంచుకుని బస్టాపుకి వచ్చి, అత్తగారికి ఫోన్ చేసింది.

"పాపని రెండో బళ్ళో చేర్పించండి అత్తయ్యా."

"పిచ్చిదానా! మొదటి బళ్ళో ఎవరూ ఏమీ అడగరని నిన్న నువ్వే చెప్పావుగా, అక్కడైతే నా కొడుక్కి తెలీకుండా రోజూ వెళ్ళి చూసుకోవచ్చు కదే! కోర్టు పిల్లని వాడికిచ్చి, నీకు నెలకోసారేగా చూపించమంది. రెండో బళ్ళో నిన్ను గేటు దాటనిస్తారా?"

"దాటనివ్వరు. నన్నే దాటనివ్వనివాళ్ళు ఇంకెవర్నీ దాటనివ్వరు."



"రేపే చేర్పిస్తాలే," అంది అత్తగారు.