కార్బోనెరా వీపు మీది చార

దొన్ ఎవరిస్తో రుమాలును వెనిగర్‌లో ముంచి, గుర్రం వీపు మీది నల్ల చారను మళ్లీ రుద్దాడు. రుమాలు తెల్లగానే వచ్చింది.

ఇంతకుముందు సబ్బునీళ్లతో రుద్దాడు. దానికి ముందు సారా పోసి రుద్దాడు. చార చెక్కుచెదరలేదు. గుర్రానికి మాత్రం విసుగొచ్చి ఆయన టోపీ అంచు కొరికింది.

"ఇంకో చుక్క సారా పొయ్యమంటారా అయ్యగారూ?" అన్నాడు గుర్రం యజమాని ఇలారియో, ఎంతో వినయంగా. "దానికీ రుచి తెలిసినట్టుంది."

గుర్రపుశాల ముందు మూగిన ఊరు ఊరంతా కిసుక్కున నవ్వింది.

దొన్ ఎవరిస్తో నవ్వలేదు. ఆయన నవ్వి ఏడాదయింది. కిందటేడు గుర్రాల పోటీలోనూ ఆయనే తీర్పరి. అసలైన పాతరకం ఇదేనని తేల్చి ఆయన మొదటి బహుమతి ఇచ్చిన గుర్రం మీద, పాదిరీగారు తెల్ల ప్యాంటు వేసుకుని ఊరేగారు. దిగేసరికి గుర్రం వీపు మీది చార పాదిరీగారికి వచ్చేసింది. పాపం, ఆయన నలుగురిలో ఎక్కడని తుడుచుకుంటారు?

ఆ సాయంత్రమే దొన్ ఎవరిస్తో అందరి ముందూ శపథం చేశాడు. ఇంకోసారి మోసపోతే తీర్పరి కుర్చీ వదిలేసి, మీసం నున్నగా గీయించుకుంటానన్నాడు. అది అలాంటిలాంటి మీసం కాదు. ఆ చుట్టుపక్కల మనిషికన్నా మీసానికే ముందు దండం పెడతారు.

ఈ జాతి గుర్రాల్లో తెల్లవీ ఎర్రవీ నల్లవీ కోకొల్లలు. ఒళ్లంతా పసుపుగా పలచబడి, మెడ నుంచి తోక దాకా ఒక్క నల్ల చార ఉన్నది మాత్రం ఎప్పుడో గానీ కంటబడదు. పాత నెత్తురుకి అదే గుర్తు. అలాంటిది ఇలారియో ఇంట ఎలా పుట్టిందని దొన్ ఎవరిస్తో అనుమానం. పైగా ఇలారియో భార్య కసీల్దా ఊళ్లో ఆడవాళ్ల జుట్టుకు రంగులు వెయ్యడం, తియ్యడం లాంటి హంగులు చేస్తుంది. తలకు రంగేసే చెయ్యి గుర్రానికి గీత గియ్యలేదా?

"ఏదో ఘాటు వాసన వస్తోందేమయ్యా?" అన్నాడాయన ముక్కు ఎగబీలుస్తూ.

"గుర్రపుశాల కదండీ. అత్తరు వాసన ఎక్కణ్ణించి తెచ్చేది?"

"బొచ్చు ఎండుగడ్డిలా ఉందేం?"

"ఉప్పునేలలో మేస్తుందండీ. నా నెత్తి కూడా అంతే, చూడండి."

"పేరేమిటి?"

"కార్బోనెరా. బొగ్గులమ్మ అన్నమాటండీ."

"పసుపు గుర్రానికి బొగ్గులమ్మేమిటయ్యా?"

"చిన్నప్పుడు నల్లగా ఉండేదండీ," అన్నాడు ఇలారియో.

"పిల్లలప్పుడు ఒక రంగు, పెరిగాక ఒక రంగు. గుర్రాల్లో అది మామూలే," అని దొన్ ఎవరిస్తో ఊరివాళ్లకు పాఠం చెప్పాడు. అందరూ బుద్ధిగా తలలూపారు.

వెనక నుంచి ఒకావిడ కేకేసింది. ఎండ మండిపోతున్నా, అక్కడున్న ఆడవాళ్లందరిలాగే తలగుడ్డ బిగించి కట్టుకుంది. "ఒసే కసీల్దా, నీ దుకాణం ఎప్పుడు తెరుస్తావే? నెల దాటింది. నలుగురిలోకి రాలేక చస్తున్నాం!"

"ఈ గుర్రం గొడవ తేలనీ వదినా," అంది కసీల్దా.

ఈ కాలంలో కూడా తలగుడ్డ తియ్యని ఆడవాళ్లున్న ఊరు ఇదొక్కటేనని దొన్ ఎవరిస్తో మనసులో మెచ్చుకున్నాడు.

చారలోంచి ఒక వెంట్రుక పీకి ఎండకు పట్టి చూశాడు. మొదలు నుంచి కొస దాకా నలుపే. అయినా మీసం గుర్తొచ్చింది. చివరి అస్త్రం తీశాడు.

"ఇలారియో! నీ మెళ్లో ఉన్న మరియతల్లి బిళ్ల పట్టుకుని ప్రమాణం చెయ్యి. ఈ చారకు మీరెవరూ రంగు వెయ్యలేదని చెప్పు."

జనం మెడలు సాచి చూశారు. ఇలారియో పన్నులు ఎగ్గొడతాడు, పేకాటలో ముక్కలు దాస్తాడు, పాదిరీగారి అంజూరపండ్లు దొంగిలిస్తాడు. కానీ మరియతల్లి మీద అబద్ధం ఆడడు. ఆ సంగతి దొన్ ఎవరిస్తోకీ తెలుసు.

ఇలారియో బిళ్లను ముద్దు పెట్టుకున్నాడు. "తల్లి సాక్షి. ఈ చార మీద నేను గానీ మా ఆవిడ గానీ చుక్క రంగు వేసుంటే, ఈ క్షణం నా కళ్లు పేలిపోవాలి."

కళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

దొన్ ఎవరిస్తోకి ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది. కళ్లు చెమర్చాయి. "మొదటి బహుమతి కార్బోనెరాదే!" అని ప్రకటించాడు. అంతటితో ఊరుకోలేదు. "ఇంతకాలంగా గుర్రాలు చూస్తున్నాను, ఈ పసుపు ఎక్కడా చూడలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే దీనికి నా పేరే పెడుతున్నా. ఇవాళ్టి నుంచి ఇది ఎవరిస్తో వన్నె!"

ఊరు చప్పట్లతో మార్మోగింది. కసీల్దా అయితే సిగ్గుతో తల వంచుకుంది. ఆయనకు పంది తొడమాంసం, ద్రాక్షసారా పెట్టి, కారు దాకా సాగనంపారు.

కారు మలుపు తిరగబోతూండగా దొన్ ఎవరిస్తో అద్దంలోకి చూశాడు. ఆడవాళ్లంతా సంబరంగా తలగుడ్డలు విప్పి, గాల్లో ఊపుతూ వీడ్కోలు చెబుతున్నారు.

ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది: ఏ ఆడమనిషి తల చూసినా అచ్చం ఆ ఎవరిస్తో వన్నే, నడినెత్తిన పాపిట వెంట మాత్రం పుట్టుకతో వచ్చిన నలుపు, సన్నగా, ఒకే ఒక్క చార.